వాన నిండిన దీవులలో పంటకు దప్పి

పోర్టు బ్లెయిరు పట్టణమునకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని క్రొత్త పేరు వచ్చినది గాని, పట్టణమధ్యమున గడియార స్తంభము చుట్టును అల్లుకొనియున్న అబర్డీన్ బజారు పాతపేరుతోనే, పాతసందడితోనే నిలిచియున్నది. 1858లో ఆంగ్లేయులు ఇచ్చట ఖైదీల వలసను స్థాపించిన మరుసటి యేట, మే 17వ తేదీన, అండమానీయులు విల్లంబులు చేతబట్టి తుపాకుల నెదిరించినది ఈ అబర్డీన్ ప్రాంతముననే. నేడు ఆ వీథులలో బెంగాలీ, తమిళము, హిందీ, మలయాళములతో కలగలిసి ఉత్తరాంధ్రపు యాసతో తెలుగు ధారాళముగా వినవచ్చును. 2011 జనాభా లెక్కల ప్రకారము దీవులలోని 3 లక్షల 80 వేల మందిలో నూటికి పదుమూడు మంది, అనగా ఏబదివేల మందికి పైగా, తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరముల నుండి వచ్చిన ఈ కుటుంబములలో పెక్కింటికి సముద్రమే జీవనాధారము. అయినను చేపకు తోడుగా ఉడుకు అన్నమును, కూరయు, బిడ్డకు పట్టు పాలును భూమి నుండి రావలసినవే గదా. ఆ భూమి సంగతియే ఈ వ్యాసమునకు విషయము.

ఆ బజారులో కూరగాయల గంపల యెదుట నిలిచి చూచినచో దీవుల వ్యవసాయస్థితి యంతయు రెండు రాసులుగా పోసియుంచినట్లు కనిపించును. ఒక ప్రక్కన ఉల్లిగడ్డలు, బంగాళాదుంపలు. ఇవి చెన్నపట్టణము నుండియో, కలకత్తా నుండియో, విశాఖపట్టణము నుండియో వేయి కిలోమీటర్లకు పైబడిన సముద్రము దాటి ఓడలో వచ్చినవి. గోనెకు తేమ తగిలి అడుగుననున్నవి మెత్తబడుటయు, వానిని ఏరి వేఱుచేయుటయు వర్తకునకు నిత్యకృత్యము. రెండవ ప్రక్కన బెండ, కాకర, గుమ్మడి, తోటకూర, అరటి. ఇవి పట్టణపు పొలిమేరల గ్రామముల నుండియు, కూరగాయల సాగునకు పేరుపొందిన నీల్ ద్వీపము నుండియు (2018 నుండి దానికి షహీద్ ద్వీపమని పేరు) వచ్చినవి. ఓడ ఆలస్యమైనప్పుడు మొదటి రాశి ధర పెరుగును. వాన విడువక కురిసినప్పుడు రెండవ రాశి తఱుగును. బియ్యము సంగతి చెప్పనక్కరలేదు. దీవులలో పండునది దీవులవారి యవసరములో కొద్దిభాగమునకే చాలును, తక్కినది ఓడమీద రావలసినదే. నీరున్నచో పంటకు లోటుండదని నమ్మి పెరిగిన మనకు, ఏటా మూడువేల మిల్లీమీటర్ల వాన కురియు చోట ఇట్లేల జరుగుచున్నదను ప్రశ్న సహజముగా కలుగును.

మూడువేల మిల్లీమీటర్లనగా ఒక్క హెక్టారు నేలమీద మూడుకోట్ల లీటర్ల నీరు. మన అనంతపురములో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి వానతోనే అచ్చటి రైతు వేరుసెనగ పండించి బ్రదుకీడ్చుచున్నాడు. దానికి అయిదు రెట్లకు మించిన వాన అండమానులో కురియుచున్నను, అది మే నెలలో మొదలై డిసెంబరుతో ఆగిపోవును. జనవరి నుండి ఏప్రిలు వరకు ఆకాశము చుక్క రాల్చుట అరుదు. దీవులు ఇఱుకైనవి, కొండలు నిట్రమైనవి, కొండవాలున మట్టి పలుచనిది. ఉదయము శిఖరమున కురిసిన నీరు సాయంకాలమునకే కడలి చేరును. అండమానులో నది యని చెప్పుకోదగినది ఉత్తర అండమానులోని కల్పాంగు వంటిది ఒకటి తప్ప లేదు. అందుచేత ఆగస్టులో మోకాటిలోతు నీట నిలిచిన మడియే మార్చిలో నెఱ్ఱెలు విచ్చును. ధనిఖారి జలాశయమును నమ్ముకొనిన పట్టణమునకు త్రాగునీరు సైతము ఆ నెలలలో లెక్కకట్టి విడువవలసి వచ్చును.

పంట దిగుబడిని గూర్చి శాస్త్రజ్ఞులు చెప్పిన సూత్రములలో సామాన్యులు కూడ తప్పక తెలిసికొనవలసినది ఒకటి కలదు. జర్మనీ దేశీయుడగు స్ప్రెంగెల్ మొదట ప్రతిపాదింపగా, 1840లో వెలువడిన తన గ్రంథముతో లీబిగ్ ప్రచారములోనికి తెచ్చిన ఆ సూత్రము ప్రకారము, పైరు పెరుగుదలను నిర్ణయించునది సమృద్ధిగా లభించు వస్తువు కాక, అన్నింటికంటె కొఱతగా నున్న వస్తువు. కుండకు నడుమ చిల్లి పడినచో పైన ఎంత పోసినను నీరు ఆ చిల్లి వఱకే నిలుచునట్లు, వెలుతురు చాలని చేనికి యూరియా కుమ్మరించినను, పులిసిన నేలకు వాన ధారలు కట్టినను గింజ పెరుగదు. లీబిగ్ ఈ మాటను నేలలోని ధాతువులను గూర్చి చెప్పెను గాని, తరువాతి వ్యవసాయశాస్త్రము దీనిని వెలుతురునకు, ఉష్ణమునకు, నీటికి, కాలమునకు, తుదకు మనుష్యుని శ్రమకు కూడ అన్వయించుచు వచ్చినది. దీవులలో వానను చూచి మురియువారు ఆ చిల్లి ఎచ్చటనున్నదో వెదకవలెను; అది ఒక్కొక్క పొలములో ఒక్కొక్క యెత్తున నున్నది.

వానకాలమున మొదటి కొఱత వెలుతురుది. గోదావరి డెల్టా రైతునకు ఇది క్రొత్త సంగతి కాదు. వానకాలపు పంటయగు సార్వాకంటె రెండవ పంటయగు దాళ్వా దిగుబడి ఎక్కువగా నుండుటకు ముఖ్యకారణము, పొట్టదశ నుండి పాలుపోసుకొను దశ వఱకు దాళ్వా పైరునకు నిర్మలమైన యెండ లభించుటయే యని ఆయన యెఱుగును. అండమానులో మాసముల తరబడి మబ్బు కప్పియుండుటచే ఆకు తన పని తాను నిండుగా చేయలేదు. ఎండ కాయు జనవరి మొదలగు నెలలలో దాళ్వా వేయుదమన్నచో నీరు లేదు. వెలుతురున్నప్పుడు నీరు లేకయు, నీరున్నప్పుడు వెలుతురు లేకయు ఈ రెండును ఎడబాయుటయే అచ్చటి వరిసాగునకు మూలవ్యాధి.

ఈ వ్యాధికి దీవుల రైతు వెదకికొనిన ఔషధము ఒక పాత వరివంగడము. దాని పేరు సీ-14-8. బర్మా నుండి వచ్చినది. నిలువెత్తు పైరు, దీర్ఘకాలికము, దిగుబడి సామాన్యము, ఎరువు వేసినచో పడిపోవును. ఇన్ని దోషములున్న విత్తనమును రైతు యేల విడువడని బయటినుండి వచ్చినవారు విసుగుకొనుట కలదు. కాని దానియందొక గొప్ప గుణమున్నది: అది పగటి పొడుగును గుర్తించును. ఆ అక్షాంశమున జూన్ పగటికిని డిసెంబరు పగటికిని గంటకు పైచిలుకు వ్యత్యాసముండును. పగలు తఱుగనారంభించి ఒక నియతమైన పరిమాణమునకు వచ్చుదాక ఆ వరి పూతకు రాదు. జూలైలో నాటినను ఆగస్టులో నాటినను కోత మాత్రము వాన వెనుకబట్టిన తరువాత, డిసెంబరు చివరనో జనవరిలోనో పడును. నూటయిరువది దినముల పొట్టి వంగడమును అదే జూలైలో నాటినయెడల అక్టోబరులో, ఈశాన్య ఋతుపవనపు వానలు దిగు వేళకు, పండి నిలుచును. కోసిన పనలు నీట నానును, వెన్ను మీదనే గింజ మొలకెత్తును, ఆరబెట్టుకొనుటకు ఎండ యుండదు. ప్రయోగక్షేత్రమున హెక్టారునకు నాలుగు టన్నులు పండిన వంగడము రైతు గాదెకు ఎంత చేర్చునన్నది వేఱు ప్రశ్న. పంట యనగా చేనిలో నున్నది కాదు, ఇంటికి వచ్చినదని మన పెద్దలు గ్రహించియుండిరి. అంతేగాక, నిలువెత్తు వరి నిలువెత్తు గడ్డినిచ్చును. ఆ గడ్డియే వేసవిలో పశువునకు దిక్కు. రైతు ఒక విత్తనమును ఎన్నుకొనునపుడు తన కుటుంబపు కంచమును, పశువు గాడిని కలిపి లెక్కించుచున్నాడన్న సంగతి దిగుబడి పట్టికలలో కనిపించదు. ఆ రైతు మొండితనముగా పైకి కనిపించునది పరిణతమైన వివేకమని నా దృఢమైన అభిప్రాయము.

ఇక నేల. కొండవాలులందు శతాబ్దముల వానకు సున్నము, మెగ్నీషియము, పొటాషు కడుగుకొనిపోయి మన్ను ఆమ్లగుణము పొందినది. అట్టి నేలలో ఇనుము, అల్యూమినియము వేళ్లను బాధించును. వేసిన భాస్వరమును మన్ను బిగబట్టి మొక్కకు అందనీయదు. దీనికి సున్నము చల్లుట తెలిసిన చికిత్సయే. ఇంతకంటె దారుణమైనది సముద్రపు టంచున నున్న పల్లపు నేలల తత్త్వము. అవి ఒకప్పుడు మడ అడవులు. ఆ బురదలో గంధకము ఇనుముతో కూడి, నీటి అడుగున గాలి సోకక, ఏ హానియు చేయక పడియుండును. మనుష్యుడు గట్టు పోసి, ఉప్పునీరు రాకుండ తూములు కట్టి, బురదను ఆరబెట్టి మడిగా మార్చగనే గాలి తగిలి ఆ గంధకము గంధకామ్లమగును. మన్ను ఆమ్లసూచిక నాలుగునకు లోపడును. కాలువలలో తుప్పురంగు తెట్టు కట్టును. పైరు ఎఱ్ఱబారి గిడసబారును. అట్టి నేలను పూర్తిగా ఎండనిచ్చుట కంటె తడిగా నుంచుటయే మేలు. మడ అడవిని కొట్టి సంపాదించిన ఎకరము అన్ని విధముల లాభమని తలచిన కాలమొకటి యుండెను. ఆ లాభములో ఎంత భాగము ఆమ్లమునకు, ఎంత భాగము తరువాత సముద్రమునకు చెల్లినదో దక్షిణ అండమానులో తిరిగినవారికి కనిపించును.

ఆమ్లపు నేలయు, ఆర్ద్రమైన వేడియు కలిసినచోట వంగ, టమాటా, మిరపలకు ఒక శత్రువు పుట్టును. నిన్న సాయంకాలము నిండు పచ్చగా నున్న వంగమొక్క నేటి మధ్యాహ్నమునకు, ఆకు పసుపైనను తిరుగకుండ, నిలుచున్నపాటున వాలిపోవును. నీరు చాలలేదేమోయని రైతు కుండలతో పోయును; రెండవనాటికి మొక్క చచ్చును, పోసిన నీటితో పాటు వ్యాధి ప్రక్క మొక్కకు ప్రాకును. ఇది బాక్టీరియా వలన కలుగు ఎండు తెగులు. దీనిని గుర్తించుటకు ప్రయోగశాల అక్కరలేదు. వాడిన మొక్క మొదలును పదునైన కత్తితో కోసి, ఆ ముక్కను గాజుగ్లాసులోని తేటనీటిలో కదలకుండ వ్రేలాడదీసినచో, కొలది నిమిషములలో కోత మొగము నుండి పాలనురుగు రంగున సన్నని దారము వంటి ధార క్రిందికి దిగుట కంటికి స్పష్టముగా కనబడును. కాండములో నీరు పారవలసిన నాళములను నింపి మూసివేసిన బాక్టీరియాయే ఆ ధార. మందు చల్లి దీనిని గెలుచుట దుస్సాధ్యము. తెగులునకు లొంగని వంగడమును వేయుట, అడవివంగ మొదలుపై మంచి వంగను అంటుకట్టుట, వంగ వేసిన నేలలో మరల వంగ వేయక మధ్య వరి పెట్టి నీట నిలుపుట, సున్నము వేసి ఆమ్లమును తగ్గించుట, ఇవి మాత్రమే ఫలించు మార్గములు. 1978లో పోర్టు బ్లెయిరున స్థాపింపబడిన కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ తెగులును తట్టుకొను కారి-సమృద్ధి అను వంగడమును అందించినది. అబర్డీన్ బజారున స్థానికమైన వంకాయ నిగనిగలాడుచు కనబడినపుడు దాని వెనుక ఇంత యుద్ధము జరిగియుండునని కొనువారు తలచరు.

2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము సంభవించిన భూకంపము ఈ నేలల జాతకమునే మార్చివేసినది. సునామీ కెరటము వచ్చిపోయినది. కాని కెరటముకంటె శాశ్వతమైన మార్పు నేల ఎత్తులో జరిగినది. ఉత్తర అండమాను పైకి లేచి పగడపు దిబ్బలు నీటి వెలికి వచ్చినవి. దక్షిణ అండమాను సుమారు ఒక మీటరు క్రిందికి క్రుంగినది. ఒక మీటరు మనిషికి నడుమెత్తు. సముద్రపు టంచున నున్న మడికి అది సర్వస్వము. పోర్టు బ్లెయిరు పొలిమేరలోని సిప్పీఘాటు వద్ద ఒకనాడు వరి, కొబ్బరి పండిన భూములు పోటుపాటులకు లోనై ఉప్పునీటి కయ్యలైపోయినవి. అక్కడ ఇపుడు కొంగలు, వలసపక్షులు చేరుచున్నవి. ఆ మడులు పోగొట్టుకొనినవారిలో తూర్పుబెంగాలు నుండి శరణార్థులై వచ్చి అడవిని నరికి సేద్యము చేసిన కుటుంబముల సంతతివారు అనేకులు. రెండుమార్లు నేలను పోగొట్టుకొనిన ఆ కుటుంబముల దుఃఖమును దిగుబడి శాస్త్రపు పరిభాషలో చెప్పుటకు నాకు మనసొప్పదు.

అయితే, కెరటము వచ్చి వెనుకకు పోయిన మెట్టుపల్లపు మడులలో ఒక యాశ్చర్యము జరిగినది. గట్టు సరిచేసి, తూము తలుపు నిలిపి, వాననీటిని మడిలో నిలిపి విడుచుచు వచ్చినచోట, అదే మూడువేల మిల్లీమీటర్ల వాన ఒకటి రెండు ఋతువులలో ఉప్పును కడిగి సముద్రమునకే అప్పగించినది. కృష్ణా డెల్టా చివరి భూములలో ఉప్పు తేలిన చేల రైతులు కాలువ నీటికై ఎంత యెదురుచూతురో తెలిసినవారికి ఈ వాన విలువ అర్థమగును. దీవులలోని ఉప్పునకు తట్టుకొను కారి ధాన్ 5 వంటి వరివంగడములును పరిశోధన సంస్థ నుండి వచ్చినవి.

కేవలము పల్లపు భూములకే తగిన మఱియొక పద్ధతిని సంస్థవారు ప్రచారము చేయుచున్నారు. మడిని సమతలముగా నుంచక, నాలుగైదు మీటర్ల వెడల్పున ఎత్తుమడులు, వాని నడుమ అంతే వెడల్పున లోతైన కాలువలు వచ్చునట్లు త్రవ్వుట ఆ పద్ధతి. కాలువ నుండి తీసిన మన్నే ఎత్తుమడి యగును. వానకాలమున మునుగని ఎత్తుమడిమీద బెండ, బీర, ఆకుకూరలు. కాలువలో వరి, చేప. వానలు వెనుకబట్టిన తరువాత కాలువలో నిలిచిన నీటితో ఎత్తుమడికి ఇంకను కొన్ని వారములు తడి. ఎత్తుమడిమీది ఉప్పును వాన క్రిందికి కడుగును గూడ. దీవులలో వెలుతురును నీరును ఎడబాపిన కాలమును మనుష్యుడు మార్చలేడు. కాని పార పట్టుకొని నేల ఆకృతిని మార్చి, సెప్టెంబరు నీటిని ఫిబ్రవరి యెండకు జతపఱుపవచ్చును. మొదటి త్రవ్వకమునకు యంత్రము కావలెను, ఖర్చు పెద్దది. ఆమ్లపు బురద పైకి రాకుండ లోతు చూచికొనవలెను. ఈ రెండు జాగ్రత్తలును పాటించినచో దీనికి సాటియైన ఉపాయము ఆ భూములకు మఱొకటి నాకు తోచుట లేదు.

చీడలలో ఒకదానిని మాత్రము చెప్పి ముందుకు పోయెదను. 1942 నుండి 1945 వఱకు దీవుల నాక్రమించిన జపాను సేనలతో వచ్చినదని చెప్పు ఆఫ్రికా రాక్షసనత్త, అరచేతిలో నిండునంతటిది, నేటికిని వాననాటి రాత్రులందు నారుమడులను, బొప్పాయి మొక్కలను మేయుచున్నది. సాయంకాలము బొప్పాయి ఆకులు తడిగోనె క్రింద పఱచియుంచి తెల్లవాఱి అచ్చట చేరిన నత్తలను ఏరి ఉప్పునీట వేయుట అన్ని మందులకంటె చవుకయైన ఉపాయము. వలస పాలకులు వినోదార్థము తెచ్చి విడిచిన చుక్కల జింకల సంతతి అడవిలోని లేతమొలకలను మేసి, అడవి మరల మొలకెత్తకుండ చేయుట మఱొక కథ. దీవి యనునది చిన్న పాత్ర. బయటినుండి వచ్చిన ప్రతి ప్రాణియు అందులో పెద్దదై కూర్చుండును.

పంటలను గూర్చి వ్రాయువారు పశుగ్రాసమును గూర్చి వ్రాయుట మఱచుచుందురు. దీవుల విషయమున ఆ మఱపు మఱింత యెక్కువ. భూభాగములో నూటికి ఎనుబది పాళ్లకు పైగా అడవి. సాగుభూమి నూటికి ఆఱుపాళ్లకు మించదు. అండమానులో మన తెలుగునాటి బీళ్లవంటి పచ్చికబయళ్లు లేనేలేవనవచ్చును. రాకపోకలు సాగించువారు వానకాలమున దారి ప్రక్కల మోకాలెత్తు పచ్చగడ్డి చూచి, ఇచ్చటి ఆవునకు ఏమి కొఱతయని యనుకొందురు. ఆ లేతగడ్డిలో నూటికి ఎనుబది పాళ్లకు పైగా నీరు. ఆవు పొట్ట నిండును గాని అందవలసిన పొడిపదార్థ మందదు. అదే గడ్డి ముదిరి పూత పట్టినచో, మాంసకృత్తులు నూటికి ఏడుపాళ్లకు తగ్గును. అప్పుడు ఆవు కడుపులో గడ్డిని అరగించు సూక్ష్మజీవులకే ఆకలి పుట్టి, అరుగుదల మందగించి, ఆవు మేత తగ్గించును. లేతగడ్డికిని ముదురుగడ్డికిని నడుమ కోతకు తగిన దినములు కొన్నియే. నేపియరు సంకరగడ్డిని మొదటిసారి సుమారు డెబ్బదియైదు దినములకును, పిమ్మట నలువదియైదు దినముల కొకమాఱును కోయవలెను. మొదలంట గాక, నాలుగు నుండి ఆఱు అంగుళముల దుబ్బు విడిచి కోయవలెను; క్రొత్త పిలకకు కావలసిన నిలువ ఆహారము ఆ దుబ్బులోనే యుండును. గడ్డిని ఎవరును నాటనక్కరలేదు, అదియే పెరుగునను నమ్మకముతో మొదలంట గీకి మేపిన పచ్చిక ఏడాదికేడాది పలుచబడి, తుదకు పశువు ముట్టని కలుపే మిగులుట మన పల్లెల పోరంబోకులలో చూచినదే.

మిగిలిన గడ్డిని ఎండబెట్టి దాచుకొందమన్నచో వానకాలమున ఎండయే లేదు. వేసవిలో మిగులునది వరిగడ్డి. అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండ తాటిపత్రినో ప్లాస్టిక్కు గుడ్డనో కప్పి మూడువారములు మాగవేసి పెట్టు పద్ధతి మన రాష్ట్రములలో చిరకాలముగా తెలిసినదే. దీవుల రైతునకు అది రెట్టింపు ఉపయోగము, ఏలయన అచ్చట దాణా బస్తా ధరలో ఓడ కేవు కూడ కలిసియున్నది.

సహజమైన పచ్చికబయళ్లు చూడగోరువారు నికోబారు దీవులకు పోవలెను. కమోర్తా, నాన్‌కౌరీ, తెరెస్సా ద్వీపముల కొండలమీద అడవి లేని గడ్డిమైదానములు విశాలముగా వ్యాపించియున్నవి. దర్భజాతి గడ్డి అచ్చట ప్రధానము. లేతగా నున్నపుడు మేతకు పనికివచ్చును, ముదిరిన తరువాత దాని యంచు కత్తివలె కోయుటచే పశువు ముట్టదు. కమోర్తా ప్రక్కననున్న ట్రింకెట్ ద్వీపమున వలసపాలకులు విడిచిపోయిన పశువుల సంతతి మానవసహాయము లేక అడవిపశువులై బ్రదికినది. సునామీకి ట్రింకెట్ ముక్కలై, అచ్చటి జనులు కమోర్తాకు తరలిపోయినను, ఆ పశువులు నిలిచినవి. తెరెస్సా మేక, పొట్టికాళ్ల నికోబారీ కోడి దేశీయ జాతులుగా గుర్తింపు పొందినవి. అధిక పాలనిచ్చు సంకరజాతుల నిటకు తెచ్చుటకు ముందు, ఈ తేమను, ఈ గడ్డిని, ఈ వేడిని తరతరములుగా భరించిన ప్రాణులను కాపాడుకొనుట మన కర్తవ్యము. 2021లో కారు నికోబారు, నాన్‌కౌరీ ద్వీపసమూహములలోని 14,491 హెక్టారులు సేంద్రియ సాగుభూమిగా కేంద్రప్రభుత్వ ధ్రువీకరణ పొందినవి. తరతరములుగా కొబ్బరిని రసాయనములు లేకయే పెంచిన నికోబారీయులకు దక్కిన న్యాయమైన గౌరవమది.

అండమానులో పచ్చికకు నేల లేదన్న మాట ఒక విధముగా నిజము, మఱొక విధముగా కాదు. 1949 నుండి వచ్చిన శరణార్థి కుటుంబమునకు అయిదెకరముల వరిపల్లము, అయిదెకరముల కొండనేల చొప్పున ఇచ్చిరి. ఆ కొండనేల పెక్కుచోట్ల ఇపుడు కొబ్బరి, పోక తోట. ఏడున్నర మీటర్ల యెడముతో నాటిన కొబ్బరితోటలో, చెట్లు చిన్నవిగా నున్న మొదటి యేండ్లలోను, ఇరువదియైదేండ్లు దాటి పొడుగెదిగిన తరువాతను, వెలుతురు నేలవఱకు దిగును. ఆ నేలలో నేడు కలుపు పెరుగుచున్నది. నీడకు ఓర్చు గినీగడ్డి పెరుగవచ్చును. నీరు నిలుచు మూలలలో పారాగడ్డి చక్కగా వచ్చును. గట్లమీద అవిసె, సుబాబుల్, గ్లైరిసీడియా పెంచినచో వేసవిలో వేళ్లు లోతుకు పోయి, ఎండిన గడ్డిలో లేని మాంసకృత్తులను ఆకుల రూపమున అందించును. గ్లైరిసీడియా వానకాలపు మన్నును గట్టున నిలుపును కూడ. కోసి మోయుటకు మనుష్యులు దొరకుట మాత్రము కష్టము: పడుచువారు పర్యాటకుల పడవలలో, హోటళ్లలో, సర్కారు కొలువులలో చేరుచున్నారు; పట్టణపు చేరువ పొలములు ఇంటిస్థలములగుచున్నవి. లీబిగ్ చెప్పిన కొఱత నేడు నత్రజనికంటె ముందుగా కూలిమనిషి రూపమున కనబడుచున్నది. కనుకనే అంత శ్రమ కోరని చెట్టుమేతకు ఆ దీవులలో మొదటి స్థానమీయవలెనని నేను భావించుచున్నాను. గ్లైరిసీడియా కొమ్మలను గజమెడు పొడవున నఱికి, మే చివరి వానలు నేలను తడిపిన వెంటనే గట్టుమీద మూరెడు దూరమున పాతిన చాలును. మొదటి యేడు పశువును దూరముగా నుంచి వేళ్లు తన్నుకొననిచ్చినచో, రెండవ యేటి ఫిబ్రవరి నుండి కోతకు ఆకు వచ్చును.